జెబ్దా నాకిన గోడ

జెబ్దా మళ్ళీ గోడ నాకుతోంది.

వంటింటి పక్కన సున్నం పెచ్చులు రాలిన చోట ముందుకాళ్ళు ఆనించి, కళ్ళు సగం మూసుకుని, నాలుకతో గీరి గీరి నాకుతోంది. ఇత్తో చేతుల్లోని ఉన్ని దువ్వెనలు ఆగిపోయాయి. పాలు పోస్తే మొహం తిప్పుకునే పిల్లి, నిన్న కోడి పేగులు పెడితే వాసన చూసి వెళ్ళిపోయిన పిల్లి, సున్నాన్ని మాత్రం వదలడం లేదు. మొన్న పొయ్యిలో చల్లారిన బూడిద కూడా నాకింది. వెన్నరంగు బొచ్చు చూసి తనే దానికి జెబ్దా, అంటే వెన్న, అని పేరు పెట్టుకుంది. ఇప్పుడా బొచ్చు పాతబడిన జనపనారలా చిక్కులు కట్టి ఉంది.

"ఆగిపోయావేం?" అంది అవ్వ, తల ఎత్తకుండానే. "ఉన్ని దానంతటదే దువ్వుకోదు."

ఇత్తో కుడిచేతి దువ్వెనను తొడమీద ఆనించి, ఎడమచేత్తో రెండో దువ్వెనను లాగింది. చంకలో ఏదో చురుక్కుమంది. పళ్ళు బిగబట్టి, ఎవరూ చూడలేదనుకుని, రెండు దువ్వెనలూ చేతులు మార్చుకుంది. ఈసారి ఎడమచెయ్యి కదలకుండా ఉంటే చాలు, కుడిచెయ్యి లాగుతుంది.

అవ్వ కదురు తిప్పుతూనే, "ఎప్పుడూ అటు లాగేదానివి, ఇవాళ ఇటు లాగుతున్నావేం?" అంది.

"ఊరికే."

ఊరికే కాదు. పదిహేను రోజుల క్రితం జెబ్దా చెవిలో ఇరుక్కున్న పల్లేరుకాయ తీస్తుంటే అది తన ఎడమ మణికట్టు మీద గీరింది. అప్పుడు నెత్తురు కూడా పెద్దగా రాలేదు. వారానికి ఆ గీత చివర ఎర్రటి పొక్కు లేచింది. తర్వాత చంకలో ఏదో తగిలింది. మొదట సెనగగింజంత. ఇప్పుడు అక్రోటుకాయంత. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడుతుంది. ఎవరికీ చెప్పలేదు. అమ్మానాన్నలు ఆలివ్ కోతలకు మైదానాలకి వెళ్ళారు, నెల దాటితేగాని రారు. ఇంట్లో ఉన్నవాళ్ళకి చెబితే మొట్టమొదట అడిగేది ఒక్కటే. ఏం గీరింది?

వాకిట్లోంచి వదిన తూదా అరుపు వినిపించింది. "చూడండి! ఎవరైనా వచ్చి ఈ పిల్ల కాళ్ళు చూడండి!"

మూడేళ్ళ తిలీలాను చంకనెత్తుకుని లోపలికొచ్చింది. తూదాకి ఆరో నెల. రొప్పుతోంది. పిల్ల చీలమండల చుట్టూ ఎర్రటి చుక్కలు, గోళ్ళతో గోకిన గీతలు.

"పురుగులు. ఆ పిల్లి ఒంటినిండా పురుగులే. ముట్టుకుంటే మిడతల్లా గెంతుతున్నాయి. రేపు నా కడుపులో ఉన్నదానికేమన్నా అయితే ఎవరు జవాబు చెబుతారు?"

"కాస్త కత్రాన్ పూస్తే పోతాయి," అంది అవ్వ. అడవిమొద్దులు కాల్చి తీసే ఆ నల్లనూనె మీద అవ్వకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. మంచినీళ్ళ కుండ అడుగున రాసేది అదే, గొర్రెల చెవుల్లో పిడుదులకు రాసేది అదే, దిష్టి తగలకుండా తిలీలా అరికాలికి చుక్క పెట్టేదీ అదే.

"నా పిల్లకి పూయించుకుంటాను. ఆ పిల్లి మాత్రం ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

పొలంనుంచి వచ్చిన అన్న బాస్సు ఇద్దరి మాటా విన్నాడు. చేతులు కడుక్కున్నాడు. బార్లీ రొట్టె విరుచుకుని, వెన్నలో ముంచి, నమిలి మింగాడు. అప్పుడన్నాడు: "గురువారం సంతకి తీసుకుపోతా. గోనెసంచిలో వేసి మాంసం కొట్ల వెనకాల వదిలేస్తా. దాని తిండి అది చూసుకుంటుంది."

మాంసం కొట్ల వెనకాల ఎన్ని కుక్కలుంటాయో ఇంట్లో అందరికీ తెలుసు.

ఇత్తో నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమె మాట ఎప్పుడూ అంతే, గొంతుదాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది.

జెబ్దా గోడ నాకడం మానేసి, అవ్వ కూర్చునే గొర్రెతోళ్ళ మీదికెక్కి, మూడుసార్లు తిరిగి, ముడుచుకుని పడుకుంది.

*

మంగళవారం మధ్యాహ్నం అవ్వ పొరుగింటికి వెళ్ళగానే ఇత్తో కత్రాన్ సీసా దించింది.

పురుగులు లేకపోతే వదిన ఊరుకుంటుంది. వదిన ఊరుకుంటే అన్న ఊరుకుంటాడు. లెక్క సరిగ్గానే ఉంది. అవ్వ ఎలా చేస్తుందో చిన్నప్పట్నుంచీ చూస్తోంది. పుల్లకి ఉన్ని చుట్టాలి, సీసాలో ముంచాలి, అంచుకి ఒత్తి కారేది తీసెయ్యాలి, చెవి మొదలు దగ్గర మొదలుపెట్టి మెడ మీదుగా రాయాలి.

ముందు తడిగుడ్డతో జెబ్దా నడుము తుడిచింది. బొచ్చులో మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రేణువులు. గుడ్డకి అంటుకున్నాయి. నీళ్ళ తడికి కాసేపట్లో ఆ రేణువుల చుట్టూ ఎర్రటి మరకలు పాకాయి.

ఇత్తో గుడ్డ జారవిడిచింది.

అది మట్టి కాదు, నెత్తురు. పురుగులు తాగి విసర్జించిన జెబ్దా నెత్తురు. ఎంత తాగుంటే ఇంత రాలుతుంది? తన మణికట్టు మీద ఎండిన పొక్కు వంక చూసుకుంది. తన ఒంట్లో కూడా ఏదో కూర్చుని తాగుతోందా? చంకలో ఉన్నది అదేనా?

బిస్మిల్లా అనుకుని రాయడం మొదలుపెట్టింది. చెవులకి, మెడకి, పొట్టకి. గొర్రెకి ఉన్ని అడ్డుంటుంది, పిల్లికి పల్చటి బొచ్చేగా, బాగా పట్టాలని రెండోసారి కూడా రాసింది. జెబ్దా గింజుకోలేదు. ఇదివరకైతే చేతిని చీల్చేసేది. ఇప్పుడు ఒడిలో తడిగుడ్డలా పడి ఉంది. పురుగులు ఒక్కొక్కటే పైకొచ్చి నేలమీద పడి తన్నుకుంటుంటే ఇత్తోకి నవ్వొచ్చింది. వేలితో లెక్కపెట్టింది. ముప్ఫై దాటాక లెక్క తప్పింది.

వదిలిపెట్టగానే జెబ్దా ఎండలో కూర్చుని ఒళ్ళు నాక్కోవడం మొదలుపెట్టింది.

గొర్రెలు ఒళ్ళు నాక్కోవన్న సంగతి ఇత్తోకి అప్పుడు తట్టలేదు.

*

బుధవారం ఉదయం పిల్లి నోటినుంచి చొంగ తాడులా వేలాడుతోంది. నిలబడబోతే వెనకకాళ్ళు పక్కకి జారిపోతున్నాయి. చర్మం కింద చీమలు పాకుతున్నట్టు ఒళ్ళంతా వణుకు. ఇత్తో దాన్ని తీసుకెళ్ళి కట్టెల కుప్ప వెనక దాచి, పాత శాలువా కప్పింది.

"నా కత్రాన్ ఎవరు ముట్టుకున్నారు?" లోపల్నుంచి అవ్వ గొంతు.

ఇత్తో చీపురు అందుకుని వాకిలి ఊడవసాగింది.

"సీసా సగానికి దిగింది. ఎలకలు తాగుంటాయిలే," అంది అవ్వ. ఆ గొంతులో ఎలకల మీద కోపమేమీ లేదు.

అప్పుడే తిలీలా కట్టెల కుప్ప వెనకనుంచి వచ్చింది. ఏడవడం లేదు. చెయ్యి చాపి చూపించింది. "అత్తా, జెబ్దాకి ముద్దు పెట్టా. అది నన్ను ఇలా చేసింది."

బొటనవేలి కింద సన్నటి గీత. దాని మీద వరుసగా మూడు నెత్తుటి బొట్లు.

ఇత్తో పిల్లను ఎత్తుకుని నీళ్ళ కుండ దగ్గరికి పరుగెత్తింది. సబ్బు రుద్దింది, నీళ్ళు పోసింది, మళ్ళీ రుద్దింది. పిల్ల "చల్లగా ఉంది, చాలు" అని గునుస్తున్నా ఆపలేదు. తనకైతే వారానికి పొక్కు లేచింది, తర్వాత గడ్డ, తర్వాత జ్వరం. అంత చిన్న చంకలో అక్రోటుకాయంత గడ్డ ఎక్కడ పడుతుంది?

"ఏం చేస్తున్నావు నా కూతుర్ని?" గుమ్మంలో తూదా.

"చెయ్యి... మట్టి అయింది."

తూదా పిల్లను లాక్కుని, చెయ్యి తిప్పి చూసింది. "ముల్లా?"

ఇత్తో తలూపింది. ఊపిన తల కిందికి దిగిపోయింది.

తిలీలా తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, ఇత్తో వంకే చూస్తూ, "ముల్లు," అంది బుద్ధిగా. అత్త చెప్పిందే నిజమనుకునే పిల్ల.

ఆ రోజంతా ఇత్తో తిలీలా చేతివంకే చూస్తూ తిరిగింది. సాయంత్రం ఒళ్ళు కాలుతుంటే గోడకి ఆనుకుని కూర్చుంది. చెబితే పిల్లిని ఇక ఎవరూ ఉండనివ్వరు. చెప్పకపోతే తిలీలా పోవచ్చు, తనూ పోవచ్చు. రెండూ రెండువైపుల నుంచి లాగుతున్నాయి, మధ్యలో చిక్కుకున్న ఉన్నిలా ఉంది తను.

"అవ్వా," అంది చివరికి, "రేపు నేను కూడా సంతకి వస్తా."

అవ్వ కదురు ఆపి ఆమె వంక చూసింది. సంత అంటే ఆమడ దూరం పారిపోయే పిల్ల. "రా," అంది. అంతకంటే ఏమీ అడగలేదు.

*

బాస్సు జెబ్దాను సంచిలో వేసి మూతి బిగించి, కంచరగాడిద బుట్టలో పెట్టాడు. పిల్లి అరవను కూడా అరవలేదు. అవ్వ రెండు గొర్రెలను తోలుకుంటూ నడిచింది. ఇత్తో దారిపొడుగునా బుట్ట పక్కనే నడిచింది, సంచి కదులుతోందో లేదో చూసుకుంటూ. వాగు దాటేదాకా కదిలింది. ఎత్తు ఎక్కాక కదల్లేదు.

గురువారాలు సంతలో పశువుల వైద్యుడు హమ్ము తెల్లబండి ఆపుకుని గొర్రెలకి సూదులేస్తాడు. కళ్ళజోడుకి తాడు కట్టుకున్న పెద్దమనిషి. ఎదురుగా బారుగా గొర్రెలు, వాటి వెనక మగవాళ్ళు. అవ్వ వెళ్ళి వరసలో నిలబడింది.

బాస్సు కంచరగాడిదను గుంజకి కట్టేసి సంచి భుజాన వేసుకున్నాడు. మాంసం కొట్లవైపు నాలుగడుగులు వేశాడు.

"అన్నా," అంది ఇత్తో.

వినపడలేదు. ఆమెకే వినపడలేదు.

ఐదో అడుగు. ఆరో అడుగు.

"అన్నా! ఆగు!"

వరసలోని మగవాళ్ళందరూ తిరిగి చూశారు. ఇత్తో పరుగెత్తి సంచిని రెండు చేతులా పట్టుకుంది. చంక చీరుకుపోయినంత నొప్పి. అయినా వదల్లేదు. బాస్సు ఆశ్చర్యంతోనే వదిలేశాడు. చెల్లెలు తనతో అంత గట్టిగా మాట్లాడటం అతనికి గుర్తులేదు. సంచి గుండెలకి హత్తుకుని నేరుగా వరస ముందుకి నడిచింది.

"ఓయ్, వరసలో రావాలి పిల్లా! నీ గొర్రెకేమన్నా రెక్కలున్నాయా?" అన్నాడొకడు.

"మహా బుల్లి గొర్రెలా ఉందే. ఉన్ని ఎప్పుడు కత్తిరిస్తున్నారేంటి?"

"పాలు కూడా ఇస్తుందేమో అడుగు!"

నవ్వులు. ఇత్తో చెవులు మండిపోయాయి. హమ్ము కాళ్ళ దగ్గర సంచి మూతి విప్పింది. ముక్కుపుటాలదిరే వాసన గుప్పున లేచింది.

హమ్ము వంగి చూశాడు. నవ్వలేదు. "దీనికి కత్రాన్ పూసిన మహానుభావులెవరు?"

నవ్వులు ఆగాయి. ఆ ఊళ్ళో కత్రాన్ అంటే ఎవరి పేరు గుర్తొస్తుందో అందరికీ తెలుసు. చూపులన్నీ అవ్వ మీదికి తిరిగాయి. అవ్వ గొర్రె తాడు చేతికి చుట్టుకుని, "మా ఇంట్లో కత్రాన్ పూసేది నేనే," అంది.

"ఇంత వయసొచ్చింది, పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుందని తెలీదా? పూసిందంతా కడుపులోకే పోయింది."

అవ్వ తలవంచుకుంది. అవ్వ తల అలా వంగడం ఇత్తో ఎప్పుడూ చూడలేదు.

"అవ్వ కాదు," అంది. గొంతు కీచుగా వచ్చింది. "నేనే పూశాను. పురుగులు పోతే అన్న దీన్ని పారెయ్యడని."

హమ్ము మోకాళ్ళ మీద కూర్చుని, బొటనవేలితో జెబ్దా పైపెదవి ఎత్తాడు. చిగుళ్ళు గులాబీరంగులో లేవు. కడిగిన సున్నపురాయిలా తెల్లగా ఉన్నాయి.

"గోడలు నాకుతోందా?"

ఇత్తో ఉలిక్కిపడింది. "మీకెలా తెలుసు?"

"రక్తం తగ్గిపోతే నాకుతాయి. మట్టి, సున్నం, ఏది దొరికితే అది. కత్రాన్ నిన్నమొన్నటి సంగతి. అసలు రోగం అంతకుముందుది. పురుగు కరిచినప్పుడు కంటికి కనపడని క్రిమిని రక్తంలో వదులుతుంది. అది లోపల్నుంచి రక్తాన్ని కొరికేస్తుంది." కళ్ళజోడు పైకి నెట్టుకుని ఇత్తో మణికట్టు వంక చూశాడు. "ఇంకో క్రిమి కూడా ఉంది. అది పిల్లికి పెద్దగా చెడు చెయ్యదు. పురుగుల పెంటలోంచి గోళ్ళలో చేరుతుంది. గీరితే మనిషికొస్తుంది. నిన్ను గీరిందా?"

వరసలో ఇరవైమంది మగవాళ్ళు. అన్న పక్కనే నిలబడ్డాడు, ఖాళీచేతులతో. లేదు అంటే అయిపోతుంది. ముల్లు అంటే అయిపోతుంది. చెయ్యి చాపి బుద్ధిగా ముల్లు అన్న తిలీలా మొహం కళ్ళముందు మెదిలింది.

"పదిహేను రోజులైంది," అంది ఇత్తో నేలవంక చూస్తూ. "చంకలో గడ్డ ఉంది. సాయంత్రాలు జ్వరం వస్తోంది. నిన్న తిలీలాని కూడా గీరింది. ముల్లని చెప్పింది నేనే."

బాస్సు చెల్లెలి మణికట్టు పట్టుకుని తిప్పి చూశాడు.

అవ్వ గొర్రె తాళ్ళు పక్కనున్నవాడి చేతిలో పెట్టింది. భుజాల మీది ఉన్ని దుప్పటి తీసి ఇత్తో చుట్టూ తెరలా కప్పింది. ఆ చీకట్లో, ఆ కత్రాన్ వాసనలో, అవ్వ చెయ్యి ఆమె అంగీ లోపలికి వెళ్ళింది. ప్రతి వసంతంలో గొర్రెల మెడలు తడిమి గడ్డలు వెతికే వేళ్ళు. గడ్డ దొరికింది. వేళ్ళు దాని చుట్టూ తిరిగాయి, నొక్కలేదు, కొలిచాయి.

"దువ్వెనలు చేతులు మార్చుకున్నప్పుడే అనుకున్నాను," అంది అవ్వ ఆమె చెవిలో. "చెబుతావని చూశాను. అడిగి ఉండాల్సింది."

ఇత్తో అప్పటిదాకా ఏడవలేదు. దుప్పటిలో ఎవరికీ కనపడదు కనక ఇప్పుడు ఏడ్చింది.

"అక్రోటుకాయంత," అని అవ్వ బయటికి చెప్పింది. "కదులుతోంది. మెత్తబడలేదు."

"మనుషులకి మందు నేనివ్వను," అన్నాడు హమ్ము. "ఆస్పత్రి ఆ మలుపులోనే ఉంది, ఇవాళే చూపించండి. చాలామందికి దానంతటదే కరిగిపోతుంది. పిసక్కండి. కత్రాన్ అసలే పూయకండి. పసిదాని చెయ్యి కడిగారా?"

"సబ్బుతో," అంది ఇత్తో దుప్పటిలోంచి.

"మంచిపని చేశావు. రోజూ చూస్తుండండి. ఇంట్లో కడుపుతో ఉన్నావిడ ఉంటే నర్సుకి ఆ మాటా చెప్పండి."

బాస్సు గొంతు సవరించుకున్నాడు. "మరి దీన్ని వదిలేస్తే పీడ పోతుందిగా?"

"పిల్లి పోతుంది. అదెక్కడ పడుకుంటుంది?"

"అవ్వ తోళ్ళ మీద."

"పురుగుల గుడ్లన్నీ అక్కడున్నాయి. పెద్దదైన పురుగుకి నెత్తురు కావాలి. పిల్లి లేకపోతే ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?"

బాస్సు తన కాలి మడమ వంక చూసుకున్నాడు. తర్వాత రెండో కాలు వంక.

"ఇది బతుకుతుందా?" అని అడిగింది ఇత్తో.

హమ్ము బండిలోంచి చిన్న పొట్లం తీశాడు. "తెలీదు. ముందు ఆలివ్ నూనె పట్టించి కత్రాన్ మెత్తబడనిచ్చి, గోరువెచ్చటి నీళ్ళతో సబ్బుపెట్టి కడుగు. ఆరేదాకా చలి తగలనివ్వకు. ఈ మాత్ర వేశాక నీళ్ళు తాగించాలి, పైన కాస్త వెన్న నాకించాలి, లేకపోతే గొంతులో అతుక్కుని పుండు పడుతుంది. మూడు రోజులు నిలిస్తే అప్పుడు మాట్లాడదాం."

వరసలో వెనకనుంచి ఒకడు గొంతు తగ్గించి అడిగాడు: "డాక్టరుగారూ, మా ఇంట్లో కూడా ఒకటుంది... అదీ గోడ నాకుతోంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

*

శుక్రవారం పొద్దున అవ్వ తన తోళ్ళన్నీ ఒక్కొక్కటిగా ఎత్తింది. ఏడు బక్రీద్ పండుగల తోళ్ళు. ఏ పొట్టేలు ఏ ఏడాదిదో చెప్పగలదు. కిందిదాన్ని ఎత్తగానే నేలమీద గెంతులు కనపడ్డాయి. పెదవి బిగించి, అన్నీ చుట్టి, బాస్సు ముందు పడేసింది.

"వేడినీళ్ళు తట్టుకునేవి వాగు దగ్గర ఉడకబెట్టు. తట్టుకోనివి కాల్చెయ్."

"అవ్వా, చలికాలం వస్తోంది. దేనిమీద పడుకుంటావు?"

"చాపమీద. ఇంకేం అడుగుతావు?"

మోసుకుపోవడానికి ఇంట్లో ఉన్నది ఒకటే గోనెసంచి. బాస్సు దాన్ని దులిపాడు. వెన్నరంగు బొచ్చు రాలింది. తోళ్ళు అందులో కుక్కి, భుజాన వేసుకుని వాగువైపు వెళ్ళాడు.

పిల్లికి పట్టించడానికి అవ్వ కొత్త ఆలివ్ నూనె కొలవకుండా వంచింది. కడగడం ఇత్తోది. తూదా మాత్రం దగ్గరికి రాలేదు. దూరంగా నిలబడి, పొయ్యిమీది నీళ్ళు కాగగానే కేకేసేది. ఆస్పత్రిలో నర్సు ఇత్తోకి మాత్రలిచ్చింది, తిలీలా సంగతి ఇప్పుడే చెప్పలేనంది, రెండు మూడు వారాలు చూడాలంది. తూదా గంటకోసారి కూతురి బొటనవేలు తిప్పి చూస్తోంది. ఇత్తోతో మాట్లాడటం లేదు. శనివారం సాయంత్రం మాత్రం వెన్నగిన్నె తెచ్చి ఆమె పక్కన పెట్టి, "దానికి మాత్ర వేశావా?" అంది. ఒక్క అడుగు వేసి, వెనక్కి తిరగకుండానే అడిగింది: "నీది వేసుకున్నావా?"

రోజూ పొద్దున్నే ఇత్తో జెబ్దా పెదవి ఎత్తి చూసేది. శుక్రవారం తెలుపు. శనివారం తెలుపు. ఆదివారం కూడా తెలుపే, కాకపోతే పంటి మొదలు దగ్గర ఏదో సందేహం లాంటి రంగు. నిజమో, తన కోరికో తేల్చుకోలేకపోయింది.

తర్వాత అవ్వ, "చెయ్యెత్తు," అనేది. వాకిట్లో, అందరి ముందూ. మొదటిరోజు ఇత్తో సిగ్గుతో చచ్చిపోయింది. రెండోరోజు సగం ఎత్తింది.

"తగ్గిందా అవ్వా?"

"గొర్రెలతో ఎప్పుడన్నా అబద్ధమాడానా? తగ్గలేదు. పెరగలేదు."

సోమవారం ఎండ బాగా వచ్చింది. జెబ్దా బుట్టలోంచి దిగింది. వెనకకాళ్ళు తడబడ్డాయి, నిలదొక్కుకున్నాయి. మెల్లగా వంటింటి పక్కకి నడిచింది. సున్నం పెచ్చులు రాలిన చోటికి.

ఇత్తో చేతిలోని దువ్వెనలు ఆగిపోయాయి. అవ్వ కదురు ఆగింది. గుమ్మంలో తూదా, పిల్ల వేలు పట్టుకునే, నిలబడిపోయింది.

పిల్లి గోడకి ముక్కు ఆనించింది. వాసన చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మొహం తిప్పుకుని, గోడ పక్కనే ఎండలో కూర్చుని, అవ్వ పాలగిన్నెవైపు చూసింది.

అవ్వ పాలగిన్నె అటు జరిపింది.

ఇత్తో దువ్వెనలు కింద పెట్టి, అవ్వ పిలవకముందే, ఆమె దగ్గరికెళ్ళి చెయ్యెత్తింది.